బోర్డు మీది ఖాళీ

పెద్దాసుపత్రిలో మెట్ల కింద గది.
విరిగిన స్ట్రెచర్లు పడేసే చోటు.
రాహేలమ్మ మేడం వచ్చిన పొద్దు
వాటిని బయటికి మోసింది నేనే, ఆయా మాబున్నిని.
మద్రాసులో చదివొచ్చిందంట.
ఏం చదువమ్మా అంటే
"పిల్లోళ్లు చెప్పనివి వినే చదువు" అనింది.
నాకు తలకెక్కలా.

బోర్డు రాసే కిష్టప్పకూ ఎక్కలా.
బీడీ ఆర్పి, తల గోక్కొని
'పిల్లల పిచ్చి డాక్టరు' అని రాసిపెట్టె,
పచ్చరంగుతో, నీడగీతలు దిద్ది, ముచ్చటగా.
మేడం చూసి నవ్వింది.
ఆ తర్వాత నవ్వలా.
సున్నం బ్రష్షు నా చేతికిచ్చి
నడిమి మాట ఒక్కటీ కొట్టెయ్యమనింది.
ఆ ఖాళీలో ఏం రాయిద్దామంటే
"ఉండనీలే మాబున్నీ."

ఇంగ జ్వరాలోళ్లు, గజ్జోళ్లు, చెవి కారేటోళ్లు
బోర్డు చూసి నేరుగా మా గదికే.
ఎవుర్నీ పొమ్మనలా.
మందు రాస్తా రాస్తా, తల పైకెత్తకుండా,
"రాత్రిపూట నిద్రపోతాడా?" అనేది.
ఆ ఒక్క మాటకు
ఎంతమంది తల్లులు కొంగు నోట్లో కుక్కుకున్యారో!

పెద్ద డాక్టర్లు బొమ్మల కొట్టు అనేవాళ్లు మా గదిని.
బొమ్మలు యాడివి?
చింతగింజలు, ఖాళీ సబ్బుపెట్టె,
డేక్సా నిండా హంద్రీ ఇసుక.
ఆ ఇసుక జల్లించి తెచ్చేది ఆదివారాల్లో నేను,
జీతంలో లేని పని.

జొన్నగిరి పిల్లోడు ఒకడొచ్చె.
తొలకరికి చేన్లో వజ్రాలు ఎతుకుతా
వాళ్లమ్మ పిడుగుకు పోయిందంట.
ఆ పొద్దు నుంచి మాట లేదు, కుడిపిడికిలి ఇప్పడు.
దర్గాలో తాయెత్తు కట్టించినారు,
పొట్ట మీద వాత పెట్టించినారు.
వాత చూసి మేడం చాలాసేపు కిటికీలోకి చూసింది.

మూడు గురువారాలు ఎదురెదురుగా కూర్చున్యారు.
ఆమె ఇసుక జారవిడుస్తాది, వాడు చూస్తాడు.
నాకైతే నడుము నొప్పి, ఆకలి.
నాలుగో గురువారం పిడికిలి ఇప్పినాడు.
చెమటకు నానిన తెల్లరాయి, శనగ్గింజంత.
"అమ్మ పట్టుకోమనె," అన్యాడు.
కాసేపుండి, "ఇది వజ్రమా?"
నేనైతే అవునని చెప్పేసేదాన్ని.
మేడం చెప్పలా.
"నాకూ తెలీదు నాయనా" అనింది.
అప్పుడు ఏడ్చినాడు వాడు,
మెట్లెక్కే జనం నిలబడిపోయేంత గట్టిగా.

అందరూ బాగుపడినారంటే అబద్ధం.
ఆదోని జిన్నింగు మిల్లు పిల్ల
మూడుసార్లొచ్చి నాలుగోసారి రాలా.
ఆ పొద్దంతా కుర్చీ వాకిలికి ఎదురుగా తిప్పుకోని
టీ చల్లారబెట్టుకుంది మేడం.
ఏమైందో నేను కనుక్కొచ్చినా.
ఆమెకు చెప్పినా.
ఇక్కడ చెప్పను.

ఫ్యానుకని పదకొండు అర్జీలు రాసింది.
ఆమె రిటైరైన నెలకు
ఫ్యానొచ్చె.

రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర ఊరి మీదికొచ్చినప్పుడు
కర్నూలంతా మిద్దెలెక్కింది.
నీళ్లు తీసినంక పోయి చూస్తే
మేడం ట్రంకుపెట్టె నిండా బురద.
ఇరవై మూడేండ్ల నోటుబుక్కులు.
దండెం కట్టి ఆరేసినా, చీరల మాదిరి.
సిరా అంతా కలిసిపోయి
ఎవురి భయం ఎవురిదో తెలీలా.
"అయ్యో, అన్నీ పోయినాయి మేడం" అంటే
ముసలి చేత్తో ఒక కాగితం ఎండకు పట్టుకోని,
"నాతో చెప్పింది ఎవురికీ చెప్పనని
ఆ పిల్లోళ్లకు మాటిచ్చినా.
ఏరు నిలబెట్టింది మాబున్నీ" అనింది.
అన్యాక ఆ కాగితం మాత్రం
మడిచి రవికలో పెట్టుకునింది.
నేను చూడనట్టే ఉన్యా.

మొన్న మనవరాలి కాన్పుకని ఆసుపత్రికి పోతే
మెట్ల కింద జనరేటరు మోగుతాంది.
వెనకపక్క కాలవ మీద అడ్డంగా ఏసినారు
ఏదో చెక్క, జనం తొక్కి దాటుతాన్యారు.
వంగి తిరగేసినా.
ఆ పక్కా ఈ పక్కా అక్షరాలు చెదలు తిన్యాయి.
నడిమి, నేను సున్నం కొట్టిన కాడ
ముట్టలా.